పొగాకు గోడౌన్ సందులో ముప్పయ్యెనిమిది చుట్లు

పదినెలల యశ్విక పగటిపూట నిద్రపోవాలంటే పొగాకు గోడౌన్ సందులో, ఎండిపోయిన బోరింగు చుట్టూ, వాళ్ళ నాన్న ఆటో ముప్పయ్యెనిమిది చుట్లు తిరగాలి. ముప్పయ్యేడుకి ఆపితే పిల్ల ఒక కన్ను తెరిచి చూసేది. ఆ ఒక్క కన్ను చాలు, వాళ్ళమ్మ కోటేశ్వరి గుండె జారిపోవడానికి.

అంతకుముందు చేయని ప్రయత్నమంటూ లేదు. చీరతో ఉయ్యాల కడితే, పిల్ల తనని ఎవరో నూతిలోకి దించుతున్నట్టు కేకలు పెట్టింది. ఎదురింటివాళ్ళ కొయ్య ఉయ్యాల తెచ్చి చూశారు. అది ఊగినంతసేపూ కిర్రుమన్నది, పిల్ల దానికి వంత పాడింది. సాంబ్రాణి వేస్తే పిల్లకు బదులు వాళ్ళ నాన్న ఏడుకొండలు నిద్రపోయాడు. ఎర్రనీళ్ళతో దిష్టి తీసి మూడు దారుల్లో పోస్తే, ఆ నీళ్ళు తొక్కినవాడెవడో వచ్చి తగువు పెట్టుకున్నాడు. చివరికి ఒకరోజు టీకా వేయించుకుని వస్తుంటే, సందులో కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు మీద, ఇంజను సన్నగా వణుకుతుంటే, పిల్ల ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఇంటిముందు ఆపగానే లేచింది. తిప్పితే పడుకుంది. ఆపితే లేచింది. సందు చివర దారి లేదు కాబట్టి బోరింగు చుట్టూ తిరగడమే. అట్లా తిప్పగా తిప్పగా ముప్పయ్యెనిమిది దగ్గర లెక్క తేలింది.

ఇది సరదా కోసం చేసే పని కాదు. అంగన్‌వాడీ టీచరు ఇచ్చిన కార్డులో యశ్విక బరువు చుక్క ఆకుపచ్చ పట్టీలో ఉండాల్సింది, కిందికి జారి పసుపు పట్టీలోకి వచ్చింది. "పగలు రెండు గంటలన్నా పడుకోవాలమ్మా, లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు" అన్నదావిడ. పసుపు కింద ఎరుపు ఉంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన కోటేశ్వరికి ఆ కార్డులో మిగతావి అంతగా అర్థం కాలేదు గానీ, ఎరుపు మాత్రం అర్థమైంది.

అందుకని రోజూ ఒంటిగంటన్నరకు ఏడుకొండలు అన్నానికి వచ్చేవాడు. చేయి కడుక్కుని బండి తీసేవాడు. కోటేశ్వరి పిల్లను ఒళ్ళో వేసుకుని వెనక కూర్చునేది. ఇరవై నిమిషాల్లో పని అయ్యేది. పిల్లను గాజు సామానులా లోపలికి మోసుకెళ్ళి చాప మీద పడుకోబెట్టాక, పది నిమిషాలకొకసారి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేది. పిల్ల నిద్రపోకపోతే ఒక భయం, నిద్రపోతే ఇంకో భయం.

అట్లా ఉండగా, ఆ వేసవిలో, నగర చలన విజ్ఞాన సంస్థ వారికి నగరం ఎటు పోతోందో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. నగరాన్ని అడిగితే చెప్పదు కనుక, అద్దెకు తిరిగే ప్రతి బండికీ అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగించారు. కారైనా ఆటో అయినా వాళ్ళ కాగితాల్లో ట్యాక్సీయే. ఆ డబ్బా క్షణక్షణమూ తానెక్కడున్నదీ ఆఫీసుకు చెబుతుంది. ఆఫీసు గోడ మీద ఉన్న పెద్ద పటంలో అక్కడొక ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలెక్కడ చిక్కగా పడితే జనం అక్కడికి ఎగబడుతున్నట్టు. అక్కడ రోడ్లు వెడల్పు చేయాలి, బస్సులు వేయాలి, షెడ్లు కట్టాలి. ఏడుకొండలు డబ్బా బిగించే కాగితం మీద సంతకం పెట్టి, దాని సంగతి మర్చిపోయాడు. డబ్బా మాత్రం అతణ్ణి మర్చిపోలేదు.

మూడు వారాలు తిరిగేసరికి సందులోకి ఒకాయన గొడుగు వేసుకుని వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పేరు మస్తానయ్య. చలన సంస్థలో క్షేత్ర పరిశీలకుడు. అసలు ఉద్యోగం పశుసంవర్ధక శాఖలో. గేదెల లెక్కలు బాగా రాస్తాడని పేరుండటంతో మనుషుల లెక్కలకు డెప్యుటేషన్ మీద పంపించారు.

ఆయన వచ్చేసరికి ఇరవయ్యో చుట్టు నడుస్తోంది. బోరింగు పక్కన పీట వేసుకుని శనగలు వేయించుకుంటున్న పక్కింటి దానమ్మను అడిగాడు.

"ఏమమ్మా, ఇక్కడికి జనం ఎక్కణ్ణుంచి వస్తన్నారు?"

"ఏ జనం?" అన్నది దానమ్మ.

"రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నర మొదలు విపరీతమైన రద్దీ అని మా దగ్గరుంది. ఇరవై ఒక్క రోజుల్లో ఏడువందల తొంభై ఎనిమిది ట్రిప్పులు."

దానమ్మ సందు అటూ ఇటూ చూసింది. ఒక కుక్క పడుకుని ఉంది. ఒక ఆటో తిరుగుతోంది. "రద్దీయే. కుక్కక్కూడా చోటు చాలట్లా" అన్నది.

ముప్పయ్యెనిమిది అయ్యేదాకా ఏడుకొండలు ఆపలేదు. మస్తానయ్య కూడా కాగితాల అట్ట పట్టుకుని పక్కనే నడుస్తూ ప్రశ్నలు అడిగాడు. కోటేశ్వరి పిల్లను చూపించి పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన గొంతు తగ్గించాడు. పిల్లను లోపల పడుకోబెట్టి వచ్చాక గడప దగ్గర కూర్చుని, సంగతంతా చెప్పింది.

మస్తానయ్య శ్రద్ధగా విన్నాడు. తర్వాత కాగితం చూసి దిగులుగా మొహం పెట్టాడు.

"అమ్మా, ప్రయాణ ఉద్దేశ్యం అని గడులున్నయ్యి. ఉద్యోగం, చదువు, వైద్యం, వ్యాపారం, దైవదర్శనం, ఇతరములు. ఇందులో నిద్ర లేదు."

"ఇతరముల్లో రాయండి బాబాయ్ గారూ."

"ఇతరములు నూటికి రెండు దాటకూడదని ఆర్డరు. ఈ నెల కోటా మొన్న సోమవారమే అయిపోయింది." కాసేపు కలం నమిలాడు. "మీ ఆయన ఎటువైపు తిప్పుతున్నాడు?"

"ఎడమ పక్కన పోవాలంటే అటే తిరగాలి గదండీ."

"అంటే ప్రదక్షిణంగా."

"అట్టాగే అనుకోండి."

మస్తానయ్య మొహం తేలికపడింది. దైవదర్శనం గడిలో టిక్కు పెట్టి, పక్కన ఏడువందల తొంభై ఎనిమిది అని గుండ్రంగా రాశాడు. వెళ్తూ వెళ్తూ బోరింగు కేసి ఒకసారి చూసి, ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచి దాటాడు.

వారానికల్లా కోటేశ్వరికి తాఖీదు వచ్చింది. ముఖ్య ప్రయాణికులు సంస్థ ప్రధాన కార్యాలయానికి హాజరు కావలెనని. ముఖ్య ప్రయాణికురాలికి అప్పుడే కింద రెండు పళ్ళు వస్తున్నాయి, కనిపించినవన్నీ కొరుకుతోంది. ఆమెను చంకనేసుకుని కోటేశ్వరి వెళ్ళింది. కాగితం చూసినప్పటి నుంచీ ఆమెకు ఒకటే గుబులు. ఆటో పట్టుకుపోతారేమో, జైల్లో వేస్తారేమో, అన్నిటికన్నా ముందు, ఒంటిగంటన్నరకు ఇంటికి చేరలేమేమో.

హాలంతా చల్లగా ఉంది. గోడంత పటం. దాని మధ్యలో పుచ్చకాయ పగలగొట్టినట్టు ఒక ఎర్రటి మరక. రైల్వే స్టేషను దగ్గర కాస్త ఎరుపుంది. బస్టాండు దగ్గర ఇంకాస్త. పెద్దాసుపత్రి దగ్గర గులాబీరంగు. ఆ పుచ్చకాయ మాత్రం పొగాకు గోడౌన్ సందు.

డైరెక్టరు వైకుంఠరావు గారు లేచి నిలబడ్డారు. నిలబడకుండా ఆయన ఏమీ మాట్లాడలేరు.

"నగరం ఒక శరీరం. ట్యాక్సీలు దాని రక్తకణములు. ఆ రక్తకణములు ఎక్కడ పరిభ్రమిస్తున్నవో అదే గుండె. ఇన్నాళ్ళూ మనం రైల్వే స్టేషను గుండె అనుకున్నాం. దత్తాంశం మన భ్రమను పటాపంచలు చేసింది." కర్ర తీసుకుని పుచ్చకాయ మీద పెట్టారు. "గమనించండి. బయలుదేరిన చోటు, బోరింగు. చేరిన చోటు, బోరింగు. గమ్యం చేరిన ప్రయాణికుడు సాధారణంగా దిగిపోతాడు. ఇక్కడ దిగటం లేదు. చేరిన మరుక్షణం మళ్ళీ అక్కడికే బయలుదేరుతున్నాడు! దీన్ని మా శాస్త్రంలో తీరని ప్రయాణ గిరాకీ అంటాం. ఇంత తీరని గిరాకీ ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు."

చుట్టూ కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. యశ్విక ఉలిక్కిపడి, పక్కనున్న ఉపసంచాలకుల వారి మెడలోని గుర్తింపు కార్డు నోట్లో పెట్టుకుంది.

కోటేశ్వరి లేచింది. "సార్. స్టేషనుకు పోయిన ఆటో ఒకసారి పోయి ఊరుకుంటది. మా ఆయన ఒక్కడే ముప్పయ్యెనిమిదిసార్లు తిరుగుతాడు. అందుకని అక్కడ అంత ఎరుపు. జనం ఎవరూ రారు సార్. నేనూ, ఈ పిల్లా. పిల్ల నిద్రపోవాలని."

వైకుంఠరావు గారు జాలిగా నవ్వారు.

"చూడమ్మా. మీకు తెలిసింది మీ కారణం. దత్తాంశానికి తెలిసింది నగరం కారణం. మీరు ఒక చుక్కలో కూర్చుని చూస్తున్నారు. మేము పటం ముందు నిలబడి చూస్తున్నాం."

"మా ఆయన్ని నేను చూస్తూనే ఉంటా గద సార్."

"దత్తాంశానికి మొగుడూ పెళ్ళామూ ఉండరమ్మా" అని, ఉపసంచాలకుల వైపు తిరిగి, "శిశు ప్రయాణికుల వాటా ఎంత వచ్చింది?" అన్నారు.

"యాభై శాతం సార్" అన్నారాయన, తన కార్డు తడి తుడుచుకుంటూ.

"అద్భుతం. రాసుకోండి."

ఆ సమావేశంలో ఇంకో పదేళ్ళకు ఆ బోరింగు చుట్టూ రోజుకు ఇరవైవేల ప్రదక్షిణలు జరుగుతాయని లెక్క తేల్చి, దాన్ని ఒకటో నంబరు చలన కేంద్రంగా తీర్మానించారు. కోటేశ్వరి బయటికి వచ్చేసరికి రెండు దాటింది. ఆ రోజు పిల్ల పడుకోలేదు.

పనులు మాత్రం చకచకా జరిగాయి. రెండొందల మంది కూర్చునే రేకుల షెడ్డు వేశారు. గోడౌన్ గోడకు నీలంరంగు బోర్డు తగిలించారు. దైవదర్శనం అని రాసుంది కాబట్టి బోరింగు చుట్టూ ఇనప కటకటాలు పెట్టి, హ్యాండిలుకు పసుపురంగు వేశారు. ఒకామె ఎక్కడి నుంచో కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, "ఇక్కడ వెలిసింది ఏ అమ్మవారండీ?" అని దానమ్మను అడిగింది.

"నీళ్ళు మానేసి ఆరేళ్ళయ్యింది తల్లీ. వరాలేమన్నా ఇస్తదేమో, హ్యాండిలు కొట్టి చూడు" అన్నది దానమ్మ.

అంతవరకూ పరవాలేదు. ఆ తర్వాత, యాత్రికుల భద్రత దృష్ట్యా, బోరింగు చుట్టూ మూడు స్పీడు బ్రేకర్లు పోశారు. ఒక్కొక్కటీ పడుకున్న దున్నపోతంత. అదీ చాలదని ఎర్రలైటు పెట్టారు. సందు మొత్తానికి తిరిగే బండి ఏడుకొండలుది ఒక్కటే. ఎర్రలైటు పడితే తొంభై లెక్కపెట్టేదాకా ఆగాలి. ఎదురుగా దాటేవాళ్ళు లేరు, పక్కనుంచి వచ్చేవాళ్ళు లేరు. కుక్క ఒకటి లేచి, ఆటో ఎందుకాగిందో చూసి, మళ్ళీ పడుకునేది.

గతుకుకు ఒకసారి, లైటుకు ఒకసారి, పిల్ల రెండు కళ్ళూ తెరిచేది. ముప్పయ్యెనిమిది చుట్లు కాదు గదా, డెబ్భై తిరిగినా కన్ను మూతపడలేదు. నాలుగో రోజుకు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"వేరే వీధికి పోదామే" అన్నాడు ఏడుకొండలు. వెనక వీధిలో మంచినీళ్ళ ట్యాంకు ఉంది. దాని చుట్టూ తిప్పాడు. రోడ్డు అంత నున్నగా లేదు గానీ, యాభై రెండో చుట్టుకు పిల్ల పడుకుంది. ఆ రోజు కోటేశ్వరికి అన్నం సహించింది.

మర్నాడు పదిగంటలకే కాగితం వచ్చింది. ఏడుకొండలు చదవమని పెళ్ళానికిచ్చాడు. ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"మీ వాహనము యొక్క చర్యవలన ఆకర్షణ కేంద్రము పదకొండు వందల అడుగులు తూర్పునకు జరిగినట్లు గమనించడమైనది. నిర్మాణములు పూర్తయిన పిదప ఆకర్షణ తన ఇష్టానుసారము జరుగుట తీవ్ర ఆక్షేపణీయము. ఇకమీదట ఆకర్షణ యథాస్థానముననే, యథాసమయముననే, యథాసంఖ్యలోనే జరుగవలెను. తప్పినచో పర్మిటు రద్దు చేయబడును."

"ఆకర్షణ అంటే ఎవరే?" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వేనయ్యా."

ఏడుకొండలు కాసేపు అద్దంలో చూసుకున్నాడు.

కాగితంతో పాటు మనిషి కూడా వచ్చి డబ్బా మార్చాడు. కొత్త డబ్బాకు కూత ఉంది. ఒంటిగంటన్నరకు ఆటో బోరింగుకు యాభై అడుగుల లోపల తిరుగుతూ ఉండకపోతే ఊరంతా వినిపించేలా కూస్తుంది. ఇక చేసేదేముంది? ఒంటిగంటన్నరకు గతుకుల మీద ఎగురుతూ, ఎర్రలైటు దగ్గర ఆగుతూ, ముప్పయ్యెనిమిది చుట్లు, పిల్ల ఏడుపుతో సహా ప్రభుత్వానికి అప్పజెప్పడం. అవి అయ్యేసరికి పిల్లకు నిద్రవేళ దాటిపోయేది. తల్లి భుజం మీద మాగన్నుగా ఐదు నిమిషాలు, మళ్ళీ ఏడుపు.

నెల తిరిగాక అంగన్‌వాడీలో తూకం వేశారు. పోయిన నెల ఏడుకిలోల రెండొందలు. ఈసారి ఏడు. టీచరు కార్డు మీద చుక్క పెట్టింది. చుక్క ఎరుపు పట్టీని తాకుతూ కూర్చుంది. ఆఫీసు గోడ మీది పటంలో చుక్కలన్నీ ఎవరెవరివో. ఈ ఒక్క చుక్క కోటేశ్వరిది.

ఆమె కార్డు పట్టుకుని సరాసరి మస్తానయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన కార్డు చూశాడు, పిల్లను చూశాడు. చూపుడువేలితో పిల్ల కింది కనురెప్ప కొంచెం లాగి చూశాడు, పాత అలవాటు.

"నేను పశువుల శాఖ వాణ్ణమ్మా. జీవం నిద్రలేక చిక్కిపోతంటే నాకు ఇట్టే తెలిసిపోద్ది. కానీ ఇక్కడ అది రాసే గడి లేదు." గొంతు తగ్గించాడు. "శుక్రవారం డైరెక్టరు గారు తనిఖీకి వస్తన్నారు. భోజనాలయ్యాక. నువ్వు నోటితో చెప్తే ఆయన వినడు. ఆయన చెవుల్లోకి ఏదన్నా పోవాలంటే ఆయనే అందులో కూర్చోవాల."

శుక్రవారం వైకుంఠరావు గారు మూడు కార్లతో వచ్చారు. అంతకుముందే సంస్థ వారు ఆయనకు బిర్యానీ, గోంగూర మాంసం, పెరుగన్నం, రెండు రకాల స్వీట్లు పెట్టారు. షెడ్డు చూసి తలూపారు. బోర్డు చూసి తలూపారు. షెడ్డులో ఎవరూ లేకపోవడం చూసి, "జనం ఏరీ?" అన్నారు.

"చలనంలో ఉన్నారు సార్" అన్నారు ఉపసంచాలకులు. వైకుంఠరావు గారు దానికి కూడా తలూపారు.

కోటేశ్వరి పిల్లను దానమ్మకిచ్చి ముందుకొచ్చింది. రాత్రంతా మనసులో వల్లించుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "సార్, ఒక్కసారి మీరు ఎక్కండి" అన్నది.

"నేనా?"

"కారణం నోటితో చెప్తే రాసుకోరు గద సార్. ఎక్కి చూడండి."

మస్తానయ్య అందుకున్నాడు. "ప్రయోగాత్మక పరిశీలన సార్. డైరెక్టరు స్థాయిలో ఇంతవరకూ ఎవరూ చేయలా."

ఆ మాటతో వైకుంఠరావు గారు ఎక్కారు. పక్కన మస్తానయ్య, చివర కోటేశ్వరి. ఆయన ఎక్కుతున్నారని ఎర్రలైటు ఆర్పేశారు. మొదటి గతుకుకే ఆయన తల పైనున్న ఇనప కమ్మీకి కొట్టుకుంది.

"ఎవడు పోయించాడు దీన్ని?" అన్నారు, తల పట్టుకుని.

"తమరే సార్. ఆర్డరు నంబరు..."

"తక్షణం తీసేయించండి!"

పావుగంటలో గునపాలు వచ్చాయి. అరగంటలో మూడు దున్నపోతులూ లేచిపోయాయి. నెలరోజులుగా పిల్ల ఏడ్చినా కదలనివి, డైరెక్టరు గారి నెత్తిమీద లేచిన ఒక్క బొప్పికి మాయమయ్యాయి. కోటేశ్వరి ఆ బొప్పికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మళ్ళీ బండి కదిలింది. ఇంజను సన్నగా వణికింది. ఒకటి. రెండు. వైకుంఠరావు గారు రోడ్డు నాణ్యత గురించి ఏదో మొదలుపెట్టారు. మూడు. వాక్యం మధ్యలో ఆగింది. నాలుగు. తల మస్తానయ్య భుజం మీదికి వాలింది. ఐదో చుట్టుకు నోరు తెరుచుకుంది.

బయట అధికారులంతా నిశ్చేష్టులై చూస్తున్నారు. ఎవరికీ ఆపమనే ధైర్యం లేదు. ఏడుకొండలు తిప్పుతూనే ఉన్నాడు. పది నిమిషాలయ్యాక కోటేశ్వరి చేయి దానంతటదే లేచి, మస్తానయ్య మీదుగా వంగి, డైరెక్టరు గారి ముక్కు కింద వేలు పెట్టింది. ఊపిరి ఆడుతోంది. అప్పటిగ్గానీ తను చేసిన పనేమిటో ఆమెకు తెలియలేదు.

నూట నలభై చుట్ల తర్వాత వైకుంఠరావు గారు కళ్ళు తెరిచారు. ఆయన మొహం పుట్టిన పిల్లాడి మొహంలా ఉంది.

"ఇరవై ఏళ్ళయింది," అన్నారు మెల్లగా, "మధ్యాహ్నం ఇట్లా పడుకుని. ఏముంది ఈ వాహనంలో?"

"నిద్ర సార్. మొదట్నుంచీ నేను చెప్తున్నది అదే. ఇది మా పిల్ల నిద్ర."

ఆయన ఆమెను మొదటిసారి చూసినట్టు చూశారు. "అర్థమైందమ్మా. నాకంతా అర్థమైంది" అన్నారు. దిగగానే నిలబడి చెప్పారు. "ప్రయాణ ఉద్దేశ్యాల్లో కొత్త గడి చేర్చండి. విశ్రాంతి చలనం. ఎర్రలైటు తీసేయండి. కూత డబ్బా తీసేయండి."

కోటేశ్వరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సాయంత్రం ఏడుకొండలు జిలేబీ తెచ్చి సందంతా పంచాడు.

సోమవారం ఒంటిగంటకు చలన సంస్థ బస్సు ఒకటి సందులోకి వచ్చింది. దానిలోంచి నలభై మంది దిగారు. చేతుల్లో ఖాళీ క్యారేజీలు, కళ్ళల్లో మత్తు. మంగళవారం రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళు వచ్చారు. బుధవారానికి ట్రెజరీ, నీటిపారుదల, జిల్లా పరిషత్తు. విశ్రాంతి చలనం ఉద్యోగుల సామర్థ్యాన్ని పెంచుతుందని సర్క్యులర్ వెళ్ళింది. ముప్పై ఆటోలకు పదకొండు నుంచి ఐదు దాకా డ్యూటీ వేశారు. ఏడుకొండలు ఆటోకు, అందులో తొట్టతొలిగా పడుకున్న అధికారి హోదాను బట్టి, గెజిటెడ్ వారికి మాత్రమే అని రాసిన ఫలకం తగిలించారు. షెడ్డు నిండింది. గోడ మీద పటంలో ఆ ఎరుపు ఇప్పుడు అబద్ధం కాదు. పదేళ్ళకు వేసిన అంచనా పది రోజుల్లో అందుకున్నామని వైకుంఠరావు గారికి సన్మానం కూడా చేశారు.

"నేనేం చేయనే?" అన్నాడు ఏడుకొండలు, నడుస్తున్న బండి కాసేపు ఇంకో డ్రైవరు చేతికిచ్చి వచ్చి, ఇంటి కిటికీ దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగుతూ. "బళ్ళో అసిస్టెంటు కమిషనరు గారు పడుకునున్నారు. ఆపితే లేస్తారు."

"మరి పిల్ల?"

"పబ్లిక్ వరసలో టోకెన్ తీసుకోమన్నారు. గెజిటెడ్ అయ్యాక నాన్ గెజిటెడ్, వాళ్ళయ్యాక పింఛనుదార్లు, ఆ తర్వాత పబ్లిక్."

కోటేశ్వరి పిల్లను భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఇంకో వారంలో మళ్ళీ తూకం. ఆమె ముందు అరవై మంది ఉన్నారు. అందరూ ఆవలిస్తున్నారు. యశ్విక రాగం మొదలుపెట్టింది. ముందున్న పింఛనుదారు వెనక్కి తిరిగి, "కాస్త ఊరుకోబెట్టమ్మా, నా నిద్ర చెడిపోతోంది" అన్నాడు.

"ఇంకా బండెక్కలేదు గదండీ మీరు?"

"అలవాటు చేసుకుంటున్నా."

వరస కదిలింది. ఒక అడుగు. ఆగింది. కోటేశ్వరి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. మళ్ళీ ఒక అడుగు. బయట ముప్పై ఆటోలు ఒకే శ్రుతిలో గుర్రుమంటున్నాయి. రేకుల కింద ఆ మోత జోరీగల్లా సన్నగా, ఎడతెగకుండా. ఒక అడుగు. ఆగడం. కాలు మార్చడం. ఆమె పిల్ల వీపు తడుతూ ఎన్నో అడుగో లెక్క మర్చిపోయింది. టోకెన్ల కిటికీ దగ్గరికి చేరేసరికి మెడ దగ్గర వెచ్చగా, తడిగా, క్రమంగా ఊపిరి తగులుతోంది. ఆమె కదలకుండా వేలు మాత్రం తెచ్చి ముక్కు కింద పెట్టింది.

"ఎవరికి టోకెన్?" అన్నాడు గుమాస్తా.

ఆమె కళ్ళతో పిల్లను చూపించింది.

"ఉద్దేశ్యం?"

"నిద్ర" అన్నది, గాలితో.

గుమాస్తా లేచి, కిటికీలోంచి తల బయటపెట్టి, పిల్లను పరీక్షగా చూశాడు. "ప్రయాణికురాలు ఆల్రెడీ నిద్రలో ఉన్నారు. ఉద్దేశ్యం బండెక్కకముందే నెరవేరితే టోకెన్ ఇవ్వడానికి లేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ వరసలో రావాలి."

ఆమె వెనక్కి వెళ్ళి చివర నిలబడింది. ఒక అడుగు. ఆగడం. కాలు మార్చడం. రెండోసారి కిటికీ దగ్గరికి వచ్చింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ చివరికి. మూడోసారి కూడా వెనక్కి పంపించేసరికి, వరస పక్కన మజ్జిగ అమ్ముకుంటున్న దానమ్మకు ఒళ్ళు మండిపోయింది. చెంబు కింద పెట్టి, కొంగు బిగించింది.

"ఏందే ఇది? పసిపిల్లను భుజానేసుకుని ఎన్నిసార్లు తిప్పుతాడు వాడు? ఉండు, నాలుగు మాటలు అడిగేసొస్తా. టోకెన్ ఎందుకివ్వడో చూస్తా."

కోటేశ్వరి ఖాళీగా ఉన్న చేత్తో దానమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దు పిన్నీ, నీకు దణ్ణం పెడతా" అన్నది గుసగుసగా. "నువ్వు గట్టిగా అడిగితే ఇచ్చేస్తాడేమో."

అని, పిల్ల తల జారకుండా సర్దుకుని, నాలుగోసారి వరస చివరికి నడిచింది.